మూడు లోడ్ల ఇసుక, మా నాన్న వెదురు గడ

నేను ఇళ్లు కట్టించే మేస్త్రీని. కోనసీమలో పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మా నాన్నది కూడా ఇసుక బతుకే. ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన పడవ వేసుకుని వెళ్లి, గడ పాతి, దాన్ని పట్టుకుని నీళ్లలో మునిగి, బకెట్‌తో ఇసుక పైకి తెచ్చేవారు. ఆ మునకల వల్ల ఇప్పుడు ఒక చెవి సరిగా వినపడదు. ఇసుక గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

2025 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఒక రిటైర్డ్ టీచర్ గారి ఇల్లు కట్టించాను. ఆ ఇంటికి గోదావరి ఇసుక మూడుసార్లు తెప్పించాను. మూడుసార్లూ ఉచిత ఇసుక విధానం కింద బుక్ చేసి, డబ్బు కట్టి, రశీదుతో తెచ్చుకున్నదే. మొదటి రెండు లోడ్లు ఒక రీచ్ నుంచి, అంటే ఏట్లో ఇసుక తవ్వే చోటు నుంచి, మూడోది ఒక స్టాక్ పాయింట్ నుంచి, అంటే తవ్విన ఇసుక నిల్వ ఉంచే చోటు నుంచి. వాటి పేర్లు రాయను. అక్కడ పని చేసే కూలీల్లో చాలామంది మా నాన్న ఎరిగినవాళ్లు, గొడవ అయితే ముందు పని పోయేది వాళ్లకే. కానీ ఇల్లు కట్టుకునేవాళ్లు, కట్టించేవాళ్లు ఇసుక కొనేటప్పుడు ఏం చూడాలో నాకు ఆ ఇంటితో బాగా తెలిసొచ్చింది. అది చెప్పాలనే రాస్తున్నాను.

ముందు బుకింగ్ సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 8 నుంచి ఇసుక ఉచితం. ఉచితం అనగానే చాలామంది పైసా ఖర్చు లేకుండా ఇంటి ముందు పోసి వెళ్తారనుకుంటున్నారు, టీచర్ గారు కూడా అలాగే అనుకున్నారు. ఇసుకకి ధర లేదు గానీ తవ్వినందుకు, ఎత్తినందుకు, తెచ్చినందుకు డబ్బు కట్టాలి. మాకు రీచ్ నలభై కిలోమీటర్ల దూరం. తవ్వకం, లోడింగ్ రెండూ కలిపి కట్టినదానికి రెండింతల పైన రవాణాకే అయింది. కాబట్టి అంచనా వేసుకునేటప్పుడు తవ్వకం, లోడింగ్ ఖర్చు కన్నా ముందు దూరం అడగండి. రీచ్ పక్కనే ఉన్న ఊళ్లవాళ్లు సొంత అవసరానికి ట్రాక్టర్‌తో తెచ్చుకుంటే వాళ్లకి ఇది నిజంగానే చవక.

గ్రామ సచివాలయంలో బుక్ చేశాం. ఆధార్, ఫోన్ నంబరు, ఇల్లు కట్టే చోటు వివరాలు ఇస్తే అరగంటలో పని అయిపోయింది. రెండో రోజు మధ్యాహ్నానికి లారీ వచ్చింది. పద్దెనిమిది టన్నులు. మేం సైట్‌లో యూనిట్లలో లెక్క వేస్తాం. వంద ఘనపుటడుగులు ఒక యూనిట్, తూకంలో సుమారు నాలుగున్నర టన్నులు. అంటే నాలుగు యూనిట్లు రావాలి. వచ్చింది కూడా అంతే.

ఆ ఫిబ్రవరి లోడు గురించి చెప్పాలంటే, ఇన్నేళ్లలో నేను చూసిన మంచి ఇసుకల్లో అదొకటి. లారీ నుంచి జారుతుంటేనే చప్పుడు తెలుస్తుంది. మట్టి కలిసిన ఇసుక ముద్దగా పడుతుంది, మంచి ఇసుక గలగలమని జారుతుంది. గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి వదిలాను. ముద్ద నిలవకుండా విడిపోయింది, అరచేతిలో మరక కూడా లేదు. గింజ ముతకగా, మెరుస్తూ, కోసుగా ఉంది.

చేత్తో చూసిందాన్ని నమ్మి ఊరుకోను, ప్రతి లోడుకీ సీసా పరీక్ష చేస్తాను. మీరూ చేసుకోవచ్చు, ఖర్చేం లేదు. నిటారుగా ఉండే గాజు సీసాలో సగం దాకా ఇసుక పోయాలి. చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు ముప్పావు దాకా పోసి, మూత బిగించి బాగా కుదపాలి. తర్వాత కదపకుండా మూడు గంటలు వదిలేయాలి. ఇసుక అడుక్కి చేరుతుంది, ఒండ్రు దాని పైన వేరే పొరగా పేరుకుంటుంది. రెండు పొరల్నీ స్కేలుతో కొలవాలి. ఇసుక పది సెంటీమీటర్లు ఉంటే ఒండ్రు ఎనిమిది మిల్లీమీటర్లు దాటకూడదు. ఫిబ్రవరి లోడులో నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. పునాది, కాలమ్స్ అంతా దాంతోనే అయింది.

అక్కడితో ఆగి ఉంటే పొగుడుతూ నాలుగు ముక్కలు రాసి ముగించేవాణ్ణి. టీచర్ గారు ఆగనివ్వలేదు.

రెండో లోడు బుక్ చేద్దామని మే నెల మొదట్లో వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి, "అబ్బాయ్, ఈ ఇసుక ఎక్కడ తవ్వుతున్నారో నువ్వు చూశావా?" అన్నారు.

"రశీదు ఉందండీ టీచర్ గారూ, గవర్నమెంటు రీచ్‌దే" అన్నాను.

"రశీదు సంగతి కాదు. చోటు చూశావా అని."

ఆవిడ పుట్టిల్లు గోదావరి వశిష్ఠ పాయలో ఒక లంక, అంటే ఏటి నడుమ దిబ్బ మీది ఊరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది కదా, ఆ వరదకి వాళ్ల అన్నగారి తోట గట్టు విరిగి, కాపు మీదున్న పద్నాలుగు కొబ్బరి చెట్లు ఏట్లో పడిపోయాయి. అంత వరదకి గట్టు ఎక్కడైనా కోస్తుంది. కానీ ఆ గట్టుకి ఎదురుగా అంతకుముందు మూడేళ్లు ఇసుక లోతుగా తవ్వారని, ఏరు అటు తిరిగిందని వాళ్లన్నగారి నమ్మకం. ఏటి మధ్యలో గొయ్యి పడితే ప్రవాహం ఆ గొయ్యి వైపు లాగుతుంది, దాని అంచులు ఎగువకీ పక్కలకీ విరుగుతూ పోతాయి. అది మా నాన్న కూడా చెబుతారు. ఆవిడ ఇల్లు కట్టుకుంటున్న ఇసుక ఇంకొకరి గట్టు తినేసి వచ్చింది కాకూడదని ఆవిడ పట్టుదల. నాకది సబబు అనిపించింది. ఇన్నేళ్లలో సిమెంటు ఏ తేదీదో చూశాను, కంబీ ఏ గ్రేడో చూశాను, ఇసుక ఏ గోతిలోంచి వచ్చిందో ఒక్కసారీ చూడలేదు.

ఆ రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టుకున్నాను. తను బీటెక్ మూడో ఏడాది. పర్యావరణ అనుమతులన్నీ పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో ఉంటాయని తనే వెతికి చెప్పింది. మా రీచ్‌ది దొరకడానికి గంటన్నర పట్టింది. ఊరి పేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసి వెతకాల్సి వచ్చింది. దొరికాక మాత్రం, తొమ్మిది పేజీల ఆ కాగితం నాకు కళ్లు తెరిపించింది. రీచ్ నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, విస్తీర్ణం, ఏడాదికి ఎన్ని ఘనపు మీటర్లు తీయొచ్చు, ఎంత లోతు తవ్వొచ్చు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, చేత్తోనా మెషిన్‌తోనా, అన్నీ ఉన్నాయి. మా రీచ్‌కి ఉన్న షరతులు ఇవీ: ఐదు హెక్టార్ల లోపు, లోతు ఒక మీటరు, నీళ్లు తగిలితే అంతకన్నా ముందే ఆపాలి, కూలీలతోనే తవ్వాలి, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే.

ఇంత చిన్న రీచ్‌కి ఇంత కాగితం ఎందుకని మొదట అనిపించింది. ఒకప్పుడు ఐదు హెక్టార్ల లోపు వాటికి పర్యావరణ అనుమతే అక్కర్లేదట. దాంతో పెద్ద రీచ్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా ఐదు హెక్టార్ల లోపు చూపించి, ఏ లెక్కా లేకుండా తవ్వేసేవాళ్లు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ వర్సెస్ హర్యానా కేసులో ఆ దారి మూసేసి, ఎంత చిన్న లీజుకైనా అనుమతి కావాలంది. 2016లో ఆ చిన్న లీజుల అనుమతులు జిల్లా స్థాయి కమిటీలకి ఇచ్చారు, 2018లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాన్ని తప్పుపట్టింది. ఇప్పుడు రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తోంది. ఇసుక ఎలా తవ్వాలి, ఎలా కాపలా కాయాలి అని కేంద్రం 2016లో ఒకసారి, 2020లో ఒకసారి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మనకైతే ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ఉండనే ఉంది. వంతెనలు, ఆనకట్టలు లాంటి కట్టడాలకి 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని దాని నిబంధనల్లోనే ఉంది.

వీటన్నిట్లోకీ నాకు ముఖ్యం అనిపించింది ఒక్కటి. జిల్లాలో ఇసుక ఎక్కడ ఎంత ఉందో రాసే జిల్లా సర్వే నివేదికలో రీప్లెనిష్‌మెంట్ స్టడీ అని ఉండాలి. వరదకి ముందు ఏటి అడుగు ఎంత ఎత్తులో ఉంది, వరద తగ్గాక ఎంత మేట వేసింది, ఆ తేడా కొలిచి, ఏరు ఎంత తెచ్చిందో అంతకు లోపు తీసుకోవడం. ఎగువన ఆనకట్టలు కట్టిన కొద్దీ ఇసుక వాటి వెనకే ఆగిపోతోంది, కాబట్టి మా తాతల నాటి లెక్క ఇప్పుడు పనికిరాదు. ఏటా కొలవాల్సిందే. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు ఈ స్టడీ లేకుండా ఇసుకకి పర్యావరణ అనుమతి ఇవ్వడం కుదరదని తేల్చి చెప్పింది. మా నాన్నకి ఇది చదివి వినిపిస్తే, "వరదకి ముందూ తర్వాతా గడ వేసి చూడమనే కదరా, మేం చేసిందీ అదే" అన్నారు.

రెండో లోడు బుక్ చేసి, లారీ కోసం ఇంటి దగ్గర కూర్చోకుండా నేనే రీచ్‌కి వెళ్లాను. నాన్న కూడా వస్తానన్నారు. డెబ్బై మూడేళ్లు, బండి మీద నలభై కిలోమీటర్లు వద్దన్నా వినలేదు. వెదురు గడ తీసుకురమ్మన్నారు. అది ఆయన పడవ నాటిది, పద్నాలుగు అడుగులు. మూరకో గాటు పెట్టి ఉంటుంది. దాన్ని బండికి పొడవునా కట్టుకుని వెళ్లాం.

రీచ్ దగ్గర మంచివి ముందు చెబుతాను. గేటు దగ్గర కెమెరా ఉంది. కాటా ఉంది, చీటీ మన ముందే ప్రింట్ చేసి ఇస్తున్నారు. లారీ మీద టార్పాలిన్ కప్పందే బయటికి వదలడం లేదు. దారి మీద నీళ్లు చల్లుతున్నారు. ఎడమ వైపు, అంటే ఎగువ భాగంలో, నలభై మంది దాకా కూలీలు పారలతో, గమేళాలతో తవ్వుతున్నారు. అక్కడ నాన్న గడ వేసి చూశారు. ఎక్కడా రెండు మూరలు దాటలేదు. మీటరంటే రెండు మూరల పైచిలుకు, కాబట్టి సరిగ్గా కాగితంలో ఉన్నట్టే ఉంది. ఫిబ్రవరిలో మాకు వచ్చిన లోడు ఆ వైపుదేనని కాటా కుర్రాడు రిజిస్టర్ చూసి చెప్పాడు.

కుడి వైపు వేరే సంగతి. వెదురు బొంగులకి ఆకుపచ్చ పరదా కట్టి ఉంది. దాని వెనక పొక్లెయిన్ ఉంది. మేం వెళ్లినప్పుడు ఇంజను ఆగి ఉంది గానీ బకెట్ నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. దాని ముందు గొయ్యి, అర ఎకరం పైనే ఉంటుంది, నిండా పచ్చటి నీళ్లు. అంచు నిట్టనిలువుగా కోసేసి ఉంది. నేను ఫోన్లో లొకేషన్ తీసి, మా అమ్మాయి రాసిచ్చిన అంకెలతో పోల్చాను. గొయ్యి సగం హద్దు లోపలుంది, సగం బయటుంది.

నాన్న చెప్పులు విడిచి అంచు దగ్గరికి వెళ్లారు. నేను చెయ్యి పట్టుకున్నాను. గడ నిలువుగా దించారు. ఒక గాటు మునిగింది, రెండు, మూడు. నాలుగో గాటు దగ్గర ఆయన నా వైపు చూశారు. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో గాటు ఇసుక మట్టానికి వచ్చాక అడుగు తగిలింది. ఎనిమిది మూరలు. పన్నెండు అడుగులు. ఒక మీటరు అని రాసిన చోట మూడున్నర మీటర్ల పైన.

ఆయన ఏం తిట్టలేదు. గడ పైకి తీసి, "మేం నలభై ఏళ్లు మునిగినా ఇంత గొయ్యి పడలేదురా" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి.

కూలీల్లో ఒకాయన నాన్నని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. మెషిన్ రాత్రి పూట నడుస్తుందని, అది వచ్చినప్పటి నుంచి తమకి వారానికి మూడు రోజులే పని దొరుకుతోందని చెప్పాడు. చేత్తో తవ్వాలన్న షరతు నదికే కాదు, ఆ నలభై మందికీ కూడా రక్షణ అని నాకు అప్పుడు అర్థమైంది. పెద్ద లారీ నిండడానికి వాళ్లకి రెండు గంటలు పడుతుంది, మెషిన్‌కి పది నిమిషాలు చాలు. రెండు గంటలు ఆగడానికి లారీవాళ్లకి ఓపిక లేదు, మాకూ ఉండదు. స్లాబ్ టెన్షన్‌లో ఉన్న మేస్త్రీ ఎవడైనా తొందరగా పంపమనే అంటాడు. నేనూ ఎన్నోసార్లు అలాగే అన్నాను.

ఆ రోజు మా లోడు కూలీల వైపు నుంచే నింపమని అడిగాను. మూడున్నర గంటలు ఆగాను. ఇసుక బాగుంది, సీసాలో ఒండ్రు ఐదు మిల్లీమీటర్లు. కాటా దగ్గర మాత్రం ఒకటి గమనించండి. అప్పుడే ఏట్లోంచి తీసిన తడి ఇసుక తూకం వేస్తే అందులో నీళ్లకి కూడా మీరే డబ్బు కడుతున్నట్టు. కాసేపు కుప్ప పోసి నీళ్లు ఓడ్చాక ఎత్తమని అడగండి. ఇంకోటి, కొంచెం తేమ ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఒక్కోసారి పాతిక ముప్పై శాతం దాకా ఉబ్బుతుంది. కాబట్టి ట్రక్కులో ఎత్తు చూసి లెక్క వేసుకునేవాళ్లు మోసపోతారు, బాక్స్‌తో కొలిచి సిమెంటు కలిపేవాళ్లు కూడా ఇసుక తక్కువ వేసినట్టవుతుంది.

ఇంటికి వచ్చాక గొయ్యి ఫొటోలు, లొకేషన్, అనుమతి కాగితంలో ఆ పేరా, మూడూ కలిపి ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదు నంబరు వచ్చింది. పన్నెండో రోజున ఒకరు ఫోన్ చేసి చోటు ఎక్కడని అడిగారు. నెలాఖరుకి మెషిన్ అక్కడ లేదని ఆ కూలీ ఆయనే నాన్నకి ఫోన్ చేసి చెప్పాడు. గొయ్యి మాత్రం అలాగే ఉంది.

మూడో లోడు ఆగస్టులో, ప్లాస్టరింగ్‌కి. వానాకాలంలో ఏట్లో తవ్వకం ఉండదు, అక్టోబరు 15 దాకా ఆపేస్తారు. అది మంచి నిబంధన. ఆ నెలల్లోనే కదా ఏరు కొత్త ఇసుక తెచ్చుకునేది. అప్పటి దాకా స్టాక్ పాయింట్లో నిల్వ ఉంచిందే ఇస్తారు. ఆ లోడు నాకు అస్సలు నచ్చలేదు. పైపైన శుభ్రంగా ఉంది, లారీ సగం దింపేసరికి కిందంతా నల్లగా జిగటగా ఉంది. కుప్ప అడుగున నేలతో సహా గోకి ఎత్తేశారు. సీసా పరీక్షలో పది సెంటీమీటర్లకి పదమూడు మిల్లీమీటర్ల ఒండ్రు. ఫోన్ చేస్తే, గేటు దాటాక వెనక్కి తీసుకోం అన్నారు. ఆ మాట అన్న మనిషి మర్యాదగానే అన్నాడు, కానీ నాలుగు యూనిట్ల ఇసుక నా దగ్గరే ఉండిపోయింది. ఇద్దరు మనుషుల్ని పెట్టి మూడు రోజులు జల్లెడ పట్టించి, కడిగించాను. యూనిట్ పైనే పోయింది. ఒండ్రు ఉన్న ఇసుకతో పూత వేస్తే ఏడాది తిరక్కుండా సన్నగా నెర్రెలు వస్తాయి, తర్వాత తిట్లు తినేది మేస్త్రీయే. స్టాక్ పాయింట్ నుంచి కొనేవాళ్లు వీలైతే లోడింగ్ దగ్గర మనిషిని ఉంచుకోండి, కుప్ప అడుగు మట్టం నుంచి ఎత్తనివ్వకండి.

తగ్గిన ఇసుకకి బదులు ఎం-శాండ్ తెప్పించాను, మనవాళ్లు రోబో శాండ్ అంటారు. మా వైపు మేస్త్రీలకి దాని మీద ఒక చిన్నచూపు ఉంది, నాకూ ఉండేది. నల్లరాతిని మరపట్టి, కడిగి, గింజ ఘనాకారంగా వచ్చేలా చేసింది స్లాబుకి, కాలమ్స్‌కి బాగా పనిచేస్తుంది. కాంక్రీటుకి వాడే ఇసుక, కంకర ఎలా ఉండాలో చెప్పే 2016 నాటి ఐఎస్ 383 అనే భారత ప్రమాణంలో దానికి చోటుంది. ఏటి ఇసుకకి సన్నపొడి మూడు శాతం దాటకూడదు, మరపట్టిన దానికి పదిహేను శాతం దాకా ఒప్పుకుంటారు, ఎందుకంటే అది రాతి పొడి, బంకమట్టి కాదు. జాగ్రత్త పడాల్సింది క్రషర్ డస్ట్ దగ్గర. కంకర కొట్టగా మిగిలిన బూడిదని ఎం-శాండ్ అని అంటగట్టేవాళ్లున్నారు. నాకు మొదట వచ్చిన ట్రాక్టర్ అదే, చెయ్యి పెడితే పిండిలా ఎగిరింది, అక్కడే తిప్పి పంపేశాను. రెండోది మంచిది వచ్చింది. కాంపౌండ్ గోడ పునాది, పోర్టికో స్లాబు దాంతోనే వేశాం. నీళ్లు కాస్త ఎక్కువ అడుగుతుంది, పూత పనికి మా తాపీవాళ్లు గరుకుగా ఉందని విసుక్కున్నారు. ఇకపై కాంక్రీటు వరకు ఎం-శాండ్, పూతకి మాత్రం ఏటి ఇసుక అని నిర్ణయించుకున్నాను. ఒక ఇంటికి సగం ఏటి ఇసుక మిగిలినా తక్కువేం కాదు. ప్రపంచం మొత్తం ఏడాదికి వాడే ఇసుక, కంకర 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో లెక్క చెప్పింది. ఆ అంకె నా ఊహకి అందదు గానీ, ఆ ఆకుపచ్చ పరదా వెనక గొయ్యి మాత్రం నా కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు మార్కులు వేయాలంటే, బుకింగ్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. సులువుగా ఉంది, రశీదు స్పష్టంగా ఉంది, మధ్యలో దళారీ లేడు. కూలీలు తవ్విన ఇసుకకి ఐదుకి ఐదు. స్టాక్ పాయింట్‌కి ఒకటిన్నర. రీచ్ నిర్వహణకి మార్కులు వేయలేను. ఒకే హద్దులో ఎడమ వైపు ఒక రకం, కుడి వైపు ఇంకో రకం ఉంటే రెండూ కూడి సగం చేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఒక్క మార్పు అడుగుతాను. నా రశీదు మీద లారీ నంబరు, టన్నులు, టైము అన్నీ ఉన్నాయి. ఆ రీచ్ పర్యావరణ అనుమతి నంబరు కూడా వేయండి, నొక్కితే ఆ కాగితం తెలుగులో తెరుచుకునేలా చేయండి. లోతు ఎంత, హద్దు ఎక్కడ, చేత్తోనా మెషిన్‌తోనా అనే మూడు ముక్కలు చాలు. అనుమతి తెచ్చుకున్నవాళ్లు షరతులు పాటిస్తున్నామని ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలని నిబంధన ఉందట. దాన్ని పంచాయతీ బోర్డు మీద అంటిస్తే, గడ ఉన్న ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, కొలిచి చెబుతారు. బీటెక్ చదివే పిల్ల గంటన్నర వెతికితే గానీ దొరకని కాగితం వల్ల లంకల్లో ఉన్న రైతుకి ఏం లాభం?

టీచర్ గారి గృహప్రవేశం కార్తీకంలో అయింది. దానికి వారం ముందు, వరద పూర్తిగా తీసేశాక, నాన్న మళ్లీ రీచ్‌కి వెళ్దామన్నారు. వెళ్లాం. కూలీలు తవ్విన ఎగువ వైపు ఎక్కడ తవ్వారో గుర్తుపట్టలేకపోయాం. కొత్త ఇసుక మేట వేసి, అలలు అలలుగా చదునైపోయింది. నాన్న వంగి గుప్పెడు తీసి నా చేతిలో పోశారు. ముతక గింజ, మరక లేదు.

కుడి వైపు గొయ్యి ఇంకా ఉంది. గడ దించితే ఐదు గాట్లు మునిగాయి, అంటే మూడు మూరలు పూడింది. నేను సంతోషించబోయాను. నాన్న గడని మెల్లగా పైకి లాగి, కొస నాకు చూపించారు. జానెడు మేర నల్లటి బురద అంటుకుని ఉంది. ఇసుక రేణువు ఒక్కటీ లేదు. ఆయన దాన్ని ఏటి నీళ్లలో రెండుసార్లు జాడించి, తుండుగుడ్డతో తుడిచి, నాకు అందించారు.

వచ్చే నెల ఇంకో ఇంటికి శంకుస్థాపన ఉంది. బుకింగ్ అయిపోయింది. ఇసుక ఎగువ వైపు నుంచే, కూలీలతోనే ఎత్తించాలని, ఎంతసేపైనా ఆగుతామని కాటా దగ్గర ముందే చెప్పి వచ్చాను. ఇంటాయన తొందర పడుతున్నారు. ఆయన్ని కూడా ఒకసారి తీసుకెళ్లి ఆ రెండు వైపులూ చూపిస్తాను.